జైలు ఖర్చు అందరిదీ, చదువు ఖర్చు ఎవరికి వారిదీనా?

నేరం చేసినవాణ్ణి లోపల పెడితే మేలు అందరికీ, కాబట్టి ఆ ఖర్చు అందరం భరించాలి. ఒక కుర్రాడు ఇంజనీరింగ్ చదివితే జీతం వాడిది, ఇల్లు వాడిది, కాబట్టి ఆ ఖర్చు వాడే భరించాలి. వింటే ఇంతకంటే న్యాయమైన మాట ఉండదనిపిస్తుంది. కాలిఫోర్నియాలో నలభై ఏళ్ళుగా చెలామణి అవుతున్నది ఈ మాటే. గవర్నర్లు దీన్ని నమ్మారు, శాసనసభలు దీని మీదే బడ్జెట్లు రాశాయి. ఫ్రీమాంట్‌లోనూ శాన్‌హోజేలోనూ శనివారం సాయంత్రం నలుగురు తెలుగువాళ్ళు కూడినచోట కూడా ఇదే వినపడుతుంది. 2024 నవంబరులో శిక్షలు పెంచే 36వ ప్రొపోజిషన్‌కు రాష్ట్రంలో మూడింట రెండొంతులకు పైగా ఓట్లు పడ్డాయంటే దీనికి ఎంత బలముందో తెలుస్తుంది. ఈ మాట తప్పని నేను వాదించబోతున్నాను. లెక్కలోనూ తప్పే, నీతిలోనూ తప్పే.

అంతకు ముందు నా వైపువాళ్ళు వాడే ఒక తేలిక ఆయుధాన్ని పక్కన పెట్టాలి. ఖైదీ మీద ఏడాదికయ్యే డబ్బుతో స్టాన్‌ఫర్డ్‌లో ఒకణ్ణి చదివించవచ్చని పత్రికల్లో తరచూ రాస్తుంటారు. కాలిఫోర్నియా శాసనసభకు బడ్జెట్ వ్యవహారాల్లో సలహాలిచ్చే లెజిస్లేటివ్ ఎనలిస్ట్ ఆఫీసు కొన్నేళ్ళ కిందట వేసిన లెక్కలో ఒక్కో ఖైదీకి ఏడాదికి సుమారు 1,06,000 డాలర్లు తేలింది. తర్వాత అది ఇంకా పెరిగింది. రాష్ట్ర నివాసి అయిన విద్యార్థికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఆ రోజుల్లో ఏడాది ట్యూషనూ ఇతర ఫీజులూ కలిపి 14,000 డాలర్ల చుట్టుపక్కల. అంకెలు నిజమే. కానీ ఖైదీకి ఇరవై నాలుగు గంటలూ తిండి, పక్క, వైద్యం, కాపలా అన్నీ ప్రభుత్వమే చూడాలి. విద్యార్థి సాయంత్రం ఇంటికి పోతాడు. పైగా ఫీజు అనేది చదువు చెప్పడానికయ్యే పూర్తి ఖర్చు కాదు. అందుకే ఆ పోలిక మీద నేను నిలబడను. ఆ లక్షా చిల్లర ఎవరు కడుతున్నారు, ఆ పద్నాలుగు వేలు ఎవరు కడుతున్నారు, ఈ పంపకం ఎవరు చేశారు అన్నదే నా ప్రశ్న.

ఖైదీలను మేపుతున్నారన్న కోపం కూడా వినపడుతుంది కాబట్టి ఆ డబ్బు ఎటు పోతోందో చూద్దాం. ఆ లక్షలో నలభై వేలకు పైగా కాపలాకు పోతుంది. దాదాపు మూడో వంతు వైద్యానికి. చదువు, వృత్తి శిక్షణ, మత్తు మాన్పించే చికిత్స వగైరాలకు దక్కేది చాలా చిన్న ముక్క. అంటే మనిషిని మార్చడానికి పెట్టేదానికి ఎన్నో రెట్లు అతణ్ణి కదలకుండా ఉంచడానికి పెడుతున్నాం. వైద్యం బిల్లు అంత పెరగడానికి ఒక పెద్ద కారణం దీర్ఘ శిక్షలు. ముప్పైల్లో లోపలికి పోయినవాడు అరవైల్లో కూడా లోపలే ఉంటే షుగరు, గుండెజబ్బు, డయాలసిస్ అన్నీ ప్రభుత్వ ఖాతాలోనే పడతాయి. వయసు మీరినకొద్దీ మనిషి నేరం చేసే అవకాశం తగ్గుతుంది, అతని మీద ఖర్చు పెరుగుతుంది. ప్రమాదం తగ్గేకొద్దీ ఖర్చు పెరిగే ఈ ఏర్పాటును భద్రత అని ఎలా పిలుస్తాం?

కాలిఫోర్నియా మొదటినుంచీ ఇలా లేదు. పాట్ బ్రౌన్ గవర్నరుగా, క్లార్క్ కెర్ యూనివర్సిటీ అధ్యక్షుడిగా ఉన్న 1960లో ఆ రాష్ట్రం ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. నివాసుల పిల్లలకు ట్యూషన్ ఉండకూడదన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి. మరోవైపు 1852 నుంచి 1964 దాకా, నూటపన్నెండేళ్ళలో, ఆ రాష్ట్రం కట్టుకున్న జైళ్ళు పన్నెండే. 1980లో రాష్ట్ర జైళ్ళలో ఉన్నవాళ్ళు సుమారు 24,000 మంది. 2006 నాటికి ఆ సంఖ్య 1,73,000 చేరింది. జనాభా అన్ని రెట్లు పెరగలేదు, నేరాలూ పెరగలేదు. పెరిగింది శిక్షల పొడవు, చిన్న నేరాలకు సైతం జైలుకు పంపే అలవాటు. 1984 తర్వాత రెండు దశాబ్దాల్లో ఇరవైకి పైగా కొత్త జైళ్ళు లేచాయి. ఆ కాలంలో కొత్తగా లేచిన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్ ఒక్కటి.

ఆ ఒక్కటీ మెర్సెడ్‌లో, 2005 సెప్టెంబరులో తలుపులు తెరిచింది. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన కొత్త క్యాంపస్ అది. అదే ఏడాది జూన్‌లో, అదే సెంట్రల్ వ్యాలీలో, దక్షిణంగా డెలానోలో కెర్న్ వ్యాలీ స్టేట్ ప్రిజన్ తెరుచుకుంది. డెలానో అంటే 1965లో ద్రాక్షతోటల కూలీల సమ్మెతో ప్రపంచానికి తెలిసిన ఊరు. ఆ కూలీల మనవల తరానికి రాష్ట్రం చేతికందే దూరంలో కట్టిచ్చింది యూనివర్సిటీ కాదు, జైలు. డెలానో నుంచి 99వ నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి వస్తుంటే చౌచిల్లా దగ్గర ఎదురుబొదురుగా మరో రెండు జైళ్ళు తగులుతాయి. అవి దాటాకే మెర్సెడ్. అక్కడ చదివేవాళ్ళలో ఎక్కువమంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం పిల్లలు. ఇలాంటి క్యాంపస్ ఇంకొకటి కట్టడానికి డబ్బు లేదన్న రాష్ట్రానికి జైళ్ళు కట్టడానికి డబ్బెక్కడిది? లీజ్ రెవెన్యూ బాండ్లనే ఏర్పాటు ఉంది. మామూలు బాండ్లయితే ఓటర్ల అనుమతి అడగాలి, వీటికి అక్కర్లేదు. జైలు ఖర్చు అందరిదీ అన్న సూత్రం నిజమైతే ఆ అందరినీ ఒక్క మాట అడగాలి కదా.

ఈ లెక్కను నాకంటే ముందు నోరు విప్పి ఒప్పుకున్నది సాక్షాత్తు రిపబ్లికన్ గవర్నరు. 2010 జనవరిలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ శాసనసభలో ప్రసంగిస్తూ, ముప్పై ఏళ్ళ కిందట రాష్ట్ర జనరల్ ఫండ్‌లో పది శాతం ఉన్నత విద్యకూ మూడు శాతం జైళ్ళకూ పోయేదని, ఇప్పుడు జైళ్ళకు దాదాపు పదకొండు, విద్యకు ఏడున్నర పోతోందని చెప్పారు. జైళ్ళకు ఏడు శాతం మించకుండా, యూనివర్సిటీలకు పది శాతం తగ్గకుండా రాజ్యాంగ సవరణ తెద్దామన్నారు. జైళ్ళను ప్రైవేటువాళ్ళకిచ్చి ఆ డబ్బు మిగిల్చాలన్న ఆయన మందు నాకు సమ్మతం కాదు. మనుషుల్ని బంధించడం మీద లాభం తీసే వ్యాపారం వద్దు. కానీ రోగం ఆయన సరిగానే గుర్తించారు. ఆ సవరణ కార్యరూపం దాల్చలేదు.

ఆ ప్రసంగానికి సుమారు రెండు నెలల ముందు, 2009 నవంబరులో, యూనివర్సిటీ రీజెంట్లు ఫీజులు 32 శాతం పెంచారు. క్యాంపసుల్లో పిల్లలు రోడ్డెక్కారు. అప్పుడు వాళ్ళకు దొరికిన జవాబు, ఆర్థికమాంద్యం వచ్చింది, డబ్బు లేదు అని. ఈ జవాబు వెనకాల ఒక కిటుకుంది. రాష్ట్రానికి డబ్బు తగ్గినప్పుడు కోత ఎక్కడ పెట్టాలి? పాఠశాలలకూ కమ్యూనిటీ కాలేజీలకూ 1988 నాటి 98వ ప్రొపోజిషన్ రక్షణ ఉంది. పేదల వైద్యంలో కోస్తే కేంద్రం వాటా పోతుంది. జైళ్ళలో కోద్దామంటే శిక్షలు చట్టంలో రాసిపెట్టి ఉన్నాయి, వైద్యం మీద కోర్టు కన్నుంది. మిగిలింది యూనివర్సిటీలు. వాటికి కోత పెడితే తలుపులు మూసుకోవు, ఫీజులు పెంచుకుంటాయి. ఖైదీకి బిల్లు పంపలేరు, విద్యార్థికి పంపగలరు. అందుకే జైలు ప్రజల ఖర్చయింది, చదువు సొంత ఖర్చయింది. ఇందులో ఏది ఎవరికి మేలన్న ఆలోచన లేదు. ఎవరి జేబు చేతికందితే వారి జేబులో చెయ్యి పెట్టారు. ఆ తర్వాత దానికి న్యాయం అని పేరు పెట్టారు. సొంత రాష్ట్రం పిల్లల ఫీజులు కూడా చాలక, మూడింతల ఫీజు కట్టే బయటి రాష్ట్రాల పిల్లలనూ విదేశీ విద్యార్థులనూ యూనివర్సిటీలు ఎక్కువగా చేర్చుకున్నాయి. పిల్లవాణ్ణి అక్కడికి పంపడానికి ఇక్కడ పొలం అమ్మిన తెలుగు తండ్రి కూడా ఆ బడ్జెట్‌లో పడిన లోటును తెలియకుండానే కొంత పూడ్చాడు.

ఇక జైలు అందరికీ మేలన్న మాట. 2000లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక గోల్ఫ్ కోర్సులోని దుకాణంలోంచి ఒక మనిషి మూడు గోల్ఫ్ కర్రలు పాంటు కాలులో దాచుకుని బయటికి నడిచాడు. కుంటుతున్నాడేమిటని అక్కడ పనిచేసే ఒకరికి అనుమానం వచ్చి పోలీసులకు చెప్పారు. ఒక్కో కర్ర ధర 399 డాలర్లు. అంతకుముందు దొంగతనాలకూ దోపిడీకీ శిక్ష పడినవాడు కాబట్టి, మూడోసారి దొరికితే దీర్ఘ శిక్ష వేసే 1994 నాటి మూడు దెబ్బల చట్టం కింద పాతికేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష వేశారు. 2003లో అమెరికా సుప్రీంకోర్టు ఐదు నాలుగు తేడాతో దాన్ని ఖాయం చేసింది. రెండు దుకాణాల్లో మొత్తం సుమారు 150 డాలర్ల విలువైన తొమ్మిది వీడియో క్యాసెట్లు ఎత్తుకున్న మరొకరికి యాభై ఏళ్ళ నుంచి యావజ్జీవం పడింది. అదే రోజు దాన్ని కూడా ఖాయం చేశారు. ఇవాళ్టి ధరల్లో పాతికేళ్ళ జైలు అంటే పాతిక లక్షల డాలర్లకు పైమాటే. ఆ సొమ్ముతో నలభై మందికి పైగా పిల్లలకు నాలుగేళ్ళ డిగ్రీ ఫీజు మొత్తం కట్టవచ్చు. వాళ్ళలో ఒక నర్సు, ఒక టీచరు, ఒక సివిల్ ఇంజనీరు తయారైతే మేలు ఎవరిది?

అంతమందిని కుక్కితే లోపల ఏమైందో కూడా కోర్టు రికార్డులోనే ఉంది. సుమారు 80,000 మందికి కట్టిన జైళ్ళలో దానికి దాదాపు రెట్టింపు మందిని ఉంచారు. వ్యాయామశాలల్లో మూడంతస్తుల మంచాలు వేశారు. ఒక్క మరుగుదొడ్డిని 54 మంది వాడుకోవలసిన చోట్లున్నాయి. వైద్యం సరిగా అందక ఆరేడు రోజులకొక ఖైదీ అనవసరంగా చనిపోతున్నాడని ఫెడరల్ న్యాయమూర్తి 2005లో తేల్చి, మరుసటేడు జైలు వైద్యాన్ని రాష్ట్రం చేతిలోంచి తీసి ఒక రిసీవరుకు అప్పగించారు. 2011లో సుప్రీంకోర్టు రద్దీని 137.5 శాతానికి దించమంది. అంటే అప్పటికీ కిటకిటలాడుతూనే ఉండవచ్చన్నమాట. ఇందుకోసమా మనం చదువులు కోసుకున్నది?

ఖైదీల సంఖ్య తగ్గించాక ఏమైంది? రక్తపాతం జరుగుతుందన్నారు. పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు చూస్తే హింసాత్మక నేరాలు అందువల్ల పెరిగిన జాడ కనపడలేదు. కార్ల దొంగతనాలు పెరిగాయి. 2014లో చిన్న దొంగతనాల శిక్షలు తగ్గించాక కార్ల అద్దాలు పగలగొట్టి దోచుకోవడం కూడా కొంత పెరిగింది. దీన్ని దాచను. కానీ న్యూయార్క్ రాష్ట్రం 1999 తర్వాత తన ఖైదీల సంఖ్యను భారీగా తగ్గించుకుంది, అక్కడ నేరాలూ చాలా ఏళ్ళపాటు తగ్గుతూ వచ్చాయి. కాబట్టి ఖైదీలు ఎక్కువైతే నేరాలు తక్కువ అన్న లెక్క అంత సులువుగా కుదరదు.

మన వాళ్ళ భయం మాత్రం నిజమైనది. భారతీయుల ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకు తెలుసు. చీరకట్టుతో నడుస్తున్న ఆడవాళ్ళ మెడలో గొలుసులు తెంపుకుపోయిన కేసులు శాంటా క్లారా కౌంటీలో నమోదయ్యాయి. అమ్మ ఇచ్చిన గొలుసు పోయిన మనిషికి శాతాలు చెబితే ఊరట కలగదు. అయితే ఆ ఇంటివాళ్ళను ఒక్క మాట అడగండి: దొంగ దొరికాడా? కాలిఫోర్నియాలో ఇటీవలి సంవత్సరాల్లో ఆస్తి నేరాలు పది జరిగితే ఒక్కటి కూడా తేలడం లేదు. దొరకని దొంగకు పాతికేళ్ళ శిక్ష రాసిపెడితే ఏం లాభం? శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే పట్టుబడతానన్న భయమే నేరాన్ని ఎక్కువగా ఆపుతుందని అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థే చెబుతోంది. గొలుసు పోగొట్టుకున్న ఇంటికి కావలసింది డిటెక్టివు. వాళ్ళకు మనం ఇచ్చింది జైలు గోడ.

చదువు సొంత లాభం అన్న మాటకు వద్దాం. ఎనభైల్లో, తొంభైల మొదట్లో వరంగల్ ఆర్‌ఈసీలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఉస్మానియాలోనో నామమాత్రపు ఫీజుతో చదువుకుని సిలికాన్ వ్యాలీకి చేరినవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ చదువు ఖర్చు ఎవరు కట్టారు? ఆ యూనివర్సిటీల వైపు కన్నెత్తి చూసే అవకాశం లేని రైతులూ, నేతగాళ్ళూ, బీడీ కార్మికులూ కట్టారు. అగ్గిపెట్టె కొన్న ప్రతివాడూ కట్టాడు. ఆ చదువు ఫలం ఇవాళ కాలిఫోర్నియా ఆదాయపు పన్నుగా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు చేరుతోంది. చదివినవాడి దగ్గర ఆగలేదు, చదివించిన రాష్ట్రంలోనూ ఆగలేదు, సముద్రం దాటి ఇంకొకరి ఖజానా నింపింది. ఇంతగా పదిమందికి పాకే లాభాన్ని సొంత లాభం అనడం ఎలా? మన తరాన్ని ఊరంతా కలిసి చదివించింది. ఇప్పుడు ఫ్రెస్నో నుంచి వచ్చే కూలివాళ్ళ పిల్లకు అప్పు చేసి చదువుకోమని చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు.

చదువుకూ నేరానికీ ఉన్న లంకె గురించి ఊహలతో పనిలేదు. లాన్స్ లాక్నర్, ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2004లో అచ్చువేసిన పరిశోధనలో, హైస్కూలు పూర్తి చెయ్యడం వల్ల ఆ మనిషికి కలిగే లాభానికి తోడు, నేరాలు తగ్గడం వల్ల సమాజానికి కలిగే ఆదా ఆ లాభంలో 14 నుంచి 26 శాతం దాకా ఉంటుందని లెక్కతేల్చారు. అది హైస్కూలు మాట, కాలేజీది కాదు, నిజమే. కానీ పై మెట్టుకు దారి కనపడకపోతే కింది మెట్టు ఎక్కేదెవరు? కాలేజీ ఫీజు అందదని తేలిన ఇంట్లో పిల్లవాడు పన్నెండో తరగతి దాకా నిలబడడానికి కారణం ఏముంటుంది?

జైల్లో ఉన్నవాళ్ళకే చదువు చెబితే ఏమవుతుందో 2013లో రాండ్ సంస్థ పరిశీలించింది. లోపల చదువుకున్నవాళ్ళు మళ్ళీ నేరంలో పడే అవకాశం 43 శాతం తక్కువ. అలా పెట్టిన ప్రతి డాలరూ, మళ్ళీ జైల్లో పెట్టే ఖర్చులో నాలుగైదు డాలర్లు మిగులుస్తుంది. ఇష్టపడి చదువుకు వచ్చేవాళ్ళు ముందే మారాలనుకున్నవాళ్ళు కావచ్చు, ఆ తేడాను ఏ పరిశోధనా పూర్తిగా తీసెయ్యలేదు. అది తీసేసినా లాభం మిగిలేంత పెద్ద అంకె ఇది. అయినా 1994 నాటి నేర నియంత్రణ చట్టం, పేద విద్యార్థుల కాలేజీ చదువుకు కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంట్లను ఖైదీలకు నిలిపేసింది. కష్టపడేవాళ్ళ పిల్లలే అప్పులు చేస్తుంటే నేరస్థులకు ఉచిత చదువా అన్నారు. ఆ గ్రాంట్లలో ఖైదీలకు పోయేది ఒక్క శాతం కూడా లేదు. అవి తీసేస్తే బయటి పిల్లలకు ఒరిగిందేమీ లేదు, లోపలి కాలేజీలు మూతపడ్డాయి. తిరిగి ఇవ్వడానికి 2023 దాకా పట్టింది. కాలిఫోర్నియా జైళ్ళ నుంచి బయటికొచ్చినవాళ్ళలో మూడేళ్ళలో సుమారు పదికి నలుగురు మళ్ళీ ఏదో నేరానికి దోషులుగా తేలుతున్నారు. శాన్ క్వెంటిన్ జైలు లోపల నడిచే మౌంట్ తమల్‌పాయిస్ కాలేజీకి 2022లో స్వతంత్ర కాలేజీగా గుర్తింపు వచ్చింది. అలాంటిది ప్రతి జైల్లోనూ ఎందుకు లేదో పన్ను కట్టేవాడే గట్టిగా అడగాలి. నష్టపోతున్నది అతని డబ్బే.

మరి ఖైదీలు తగ్గినా ఖర్చు తగ్గలేదేమని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2006తో పోలిస్తే ఖైదీలు సగం దగ్గరికి వచ్చారు, బిల్లు మాత్రం పెరిగింది. ఒక గదిలో ఇద్దరి బదులు ఒకణ్ణి ఉంచితే గార్డు జీతం సగం కాదు. డబ్బు మిగలాలంటే జైలే మూయాలి. మూయబోతే ఎదురయ్యేది గార్డుల సంఘం. మూడు దెబ్బల చట్టం కోసం జరిగిన ప్రచారానికి చందా ఇచ్చిన సంఘం అది. ఎదురయ్యేది జైలు మీద బతికే ఊరు కూడా. సూసన్‌విల్ జైలు మూస్తామని 2021లో ప్రకటిస్తే ఆ ఊరు కోర్టుకెక్కింది, 2023 దాకా అది మూతపడలేదు. ఆ ఊరివాళ్ళ ఆందోళనను నేను తేలిగ్గా చూడను. వేరే పని చూపకుండా వాళ్ళను జైలు మీద ఆధారపడేలా చేసింది రాష్ట్రమే, కొత్త బతుకుతెరువు చూపించాల్సిందీ రాష్ట్రమే. ఒక ఊరికి జీతాలివ్వడం కోసం ఇంకో ఊరి పిల్లల్ని బంధించి ఉంచడం మాత్రం ఏ లెక్కలోనూ భద్రత కాదు.

2024 ఫిబ్రవరిలో ఎనలిస్ట్ ఆఫీసు ఒక నివేదిక ఇచ్చింది. రాష్ట్ర జైళ్ళలో సుమారు 15,000 పడకలు ఖాళీగా ఉన్నాయని, మరో ఐదు జైళ్ళు మూయవచ్చని, మూస్తే ఏటా దాదాపు వంద కోట్ల డాలర్లు మిగులుతాయని అందులో ఉంది. అంతకు కొద్ది నెలల ముందే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ట్రస్టీలు ఐదేళ్ళపాటు ఏటా ఆరు శాతం చొప్పున ట్యూషన్ పెంచాలని తీర్మానించారు. 2025 జనవరిలో గవర్నరు న్యూసమ్ ప్రతిపాదించిన బడ్జెట్‌లో రెండు యూనివర్సిటీ వ్యవస్థలకూ దాదాపు ఎనిమిది శాతం కోత చూపించారు. గొడవ జరిగాక దాన్ని తగ్గించి వాయిదా వేశారు. కొత్తగా మూస్తామన్న జైలు ఇప్పటిదాకా ఒక్కటి, నార్కోలో. శాక్రమెంటోలో బడ్జెట్ విచారణలు ఏటా వసంతకాలంలో జరుగుతాయి, ఎవరైనా వెళ్ళి ఒక నిమిషం మాట్లాడవచ్చు. ఈసారి మన సంఘాలవాళ్ళు వెళ్ళి అడగవలసింది ఒకటే: మిగిలిన నాలుగు జైళ్ళు ఎప్పుడు మూస్తారు, ఆ డబ్బు చేరేనాటికి స్టేట్ యూనివర్సిటీ ఫీజు ఎంత తగ్గిస్తారు?